తొంభై ఏడో పూస

బెజవాడ,
సర్వధారి సంవత్సరం, మాఘ బహుళ పంచమి.

చిరంజీవి తమ్ముడు మల్లేశ్వరరావును పెద్దక్కయ్య దీవించి వ్రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ ముగ్గురం క్షేమంగా ఉన్నాం. నలుగురమని వ్రాయడానికి అలవాటుపడ్డ చెయ్యి ఆ మాట దగ్గర కాసేపు ఆగింది. షోలాపూరులో నువ్వూ, మరదలూ, పిల్లలూ అమ్మవారి దయవల్ల కుశలంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం తదియనాడు అందింది. చిన్నదానికి దగ్గు తగ్గలేదని వ్రాశావు. తులసి రసంలో నాలుగు చుక్కల తేనె వేసి పరగడుపున నాకించమను. మిల్లులో దూది ధూళి నీ బట్టల మీదే ఇంట్లోకి వస్తుంది. గుమ్మంలోనే చొక్కా దులిపి, చేతులు కడుక్కుని, ఆ తర్వాత దాన్ని ఎత్తుకో. అమ్మ ఉంటే ఈ మాట తనే వ్రాయించేది.

మిగతా ఉత్తరమంతా నీ తమ్ముడు రామలింగం గురించే వ్రాశావు. శివరాత్రికి వస్తానన్నావు. ఈలోగా వాడు మగ్గం గుంట పూడ్చి, భార్య శివపార్వతిని తీసుకుని వేరే చోటు చూసుకోవాలన్నావు. గుంట కంటబడితే గడప తొక్కకుండా స్టేషనుకు తిరిగిపోతానన్నావు. "అమ్మను మింగిన గుంట పక్కన కూర్చుని నేను అన్నం తినలేను" అని వ్రాశావు.

ఆ ఉత్తరం నేనే చదివి వినిపించాను. నీ ఉత్తరాలు నేను చదవడం, వాళ్ళు వినడం మనింట్లో ఆనవాయితీ. ఒక్క ముక్క కూడా దాచలేదు. రామలింగం విని, "సరే అక్కయ్యా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే కాలవగట్టు నుంచి మట్టి తెచ్చాడు. నాలుగు తట్టల మట్టి గుమ్మం పక్కన ఉంది. మంగళగిరిలో ఎవరివో మగ్గాల దగ్గర చోటు దొరికిందట. శివపార్వతి వంటింట్లో తన గిన్నెలు విడిగా సర్దుకుంటోంది. చప్పుడు కాకుండా సర్దుతోంది. చప్పుడు చేస్తే నేను బాధపడతానని.

శివరాత్రికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈ ఉత్తరం నీకు మూడు నాలుగు రోజుల్లో అందుతుంది. పూర్తిగా చదివేదాకా మనసులో ఏదీ స్థిరం చేసుకోకు, నాయనా.

అమ్మ చివర్లో నిన్ను తలిచిందా అని అడిగావు. వచ్చినప్పుడు అడగడానికి నోరు రాలేదన్నావు. తలవని పూట లేదు. టెలిగ్రాం ఇచ్చామని చెప్పినప్పటి నుంచీ నీ బండి వెంటే ఉంది. "వాడి స్టేషను దాటి ఉంటాడా? సికిందరాబాదులో బండి మారి ఉంటాడా?" అని మమ్మల్ని అడిగేది. "ఖమ్మంమెట్టు దాటితే ఇంటికి వచ్చినట్టే" అన్నది. ఆ తెల్లవారే ప్రాణం విడిచింది. నువ్వు మూడోనాడు దిగావు. బండ్లు సరిగా నడవని రోజులు, నువ్వేం చేస్తావు. ఆమె దారి పొడుగునా నీతోనే వచ్చింది. ఇంతకంటే నేను కల్పించి వ్రాయలేను.

కరెంటు తీయించెయ్యమని కూడా వ్రాశావు. "నేను పట్టుబట్టి తెచ్చిన శని" అన్నావు. అలా అనుకోకు. అది వచ్చిన రోజు మనింట్లో ఎంత సంతోషంగా ఉన్నామో నీకు గుర్తు చేస్తాను.

వ్యయ సంవత్సరం శ్రావణమాసం. వైర్లు లాగిన ఆమోసు నిచ్చెన దిగి, "ఇక నొక్కండి బాబుగారూ" అన్నాడు. నువ్వు నొక్కావు. మగ్గం మీద వెలుగు పడింది. రామలింగం తన చేతులు తానే కొత్తగా చూసుకున్నాడు. అమ్మ కళ్ళకు అప్పటికే పొరలు కమ్మాయి. కిటికీలో ఎండ తెలిసేది గాని, బల్బు తెలియలేదు. "వెలిగిందా?" అని అడిగింది. "వెలిగింది" అని అందరం ఒక్కసారే అన్నాం. చేతులు జోడించింది. చేతులు కడుక్కుని, కుంకుమ భరిణె పట్టుకుని, తడుముకుంటూ స్విచ్చి బోర్డుకు బొట్టు పెట్టబోయింది. ఆమోసు అడ్డం వచ్చాడు.

"తడిచేత్తో ముట్టుకోకండి మామ్మగారూ, కొడుతుందండి."

"దేవుణ్ణి తడిచేత్తో ముట్టుకోవాలి. దీన్ని పొడిచేత్తో ముట్టుకోవాలా? ఇదెక్కడి మడిరా నాయనా?"

"ఇది మా కిరస్తానీ మడండి," అన్నాడు ఆమోసు. అమ్మ నవ్వింది. ఆమె పళ్ళు కనబడేలా నవ్వడం నాన్న పోయాక నేను చూసింది ఆ రోజే.

తర్వాత నువ్వు స్విచ్చి పైకెత్తి, "ఇదిగో, ఆర్పేశా" అన్నావు. అమ్మ నవ్వు ఆగిపోయింది.

"సందెవేళ ఇంట్లో ఆ మాటేమిట్రా? దీపం కొండెక్కిందనాలి."

"ఇది దీపం కాదే అమ్మా, కరెంటు."

"వెలుగిచ్చేది దీపం కాకపోతే మరేమిట్రా?"

నీ నాలుగో ఏట కూడా ఈ మాట మీదే అమ్మను పట్టుకున్నావు. దీపం కొండెక్కిందంటే ఏ కొండ అని అడిగావు. అమ్మ నిన్ను చంకనెత్తుకుని వీధిలోకి తీసుకుపోయి అమ్మవారి కొండ చూపించింది. "మనింట్లోంచి వెళ్ళిన దీపం అక్కడ ఉంటుంది, చూడు" అన్నది. ఆ తర్వాత కొన్నాళ్ళు నువ్వు దీపం ఊదడం, వీధిలోకి పరుగెత్తి కొండవంక చూడడం, ఒక్కటి ఎక్కువైందని చెప్పడం. నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది.

కరెంటు వచ్చాక మనింట్లో పొద్దు మారిపోయింది. అంతకుముందు దీపాలవేళకు రామలింగం పోగు నడిపే నాడె పక్కన పెట్టి, కాళ్ళు దించుకుని కూర్చున్న గుంటలోంచి లేచేవాడు. గుంట మీద బల్ల వేసి, కాళ్ళు కడుక్కుని వచ్చేవాడు. ఆ బల్ల పడ్డ చప్పుడే అమ్మకు సాయంత్రం. నాన్న ఉన్న రోజుల నుంచీ అంతే. బల్ల చప్పుడు వినబడ్డాక ఆమె మంచం మీంచి లేచి, ఆ బల్ల మీదుగానే తిన్నగా నడిచి, తూర్పు మూల దేవుడి దగ్గరికి వెళ్ళేది. కళ్ళు కనబడకపోయినా ఆ పదకొండు అడుగులకు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

బల్బు వచ్చాక రామలింగం రాత్రి ఎనిమిదింటిదాకా నేసేవాడు. బల్ల ఎనిమిదింటికి పడేది. దీపాలవేళ అమ్మను నేనో శివపార్వతో చెయ్యి పట్టుకుని, గోడవార నుంచి దేవుడి దగ్గరికి తీసుకుపోతూ వచ్చాం. శివపార్వతి బియ్యంలో రాళ్ళు ఏరడం సాయంత్రానికి మార్చుకుంది. నా పారాయణం కూడా బల్బు కిందికే వచ్చింది. నాలుగు లాంతర్లుంటే మూడు ఇచ్చేశాం. నాలుగోది కూడా పారెయ్యమన్నావు. అమ్మ పారెయ్యనివ్వలేదు. ఆమోసు కూడా చెప్పి వెళ్ళాడు. "గాలి లేస్తే తీగలు ఒకదానికొకటి తగులుతాయండి. కరెంటు తీసేస్తారు. లాంతరూ అగ్గిపెట్టే ఒక్కచోట పెట్టుకోండి. ఎవరూ కదపకండి."

లాంతరు పని నాకు అప్పజెప్పారు. శుక్రవారం శుక్రవారం బుడ్డి ముగ్గుతో తుడిచేదాన్ని. కంట్రోలు కొట్లో కిరసనాయిలు దొరికిన రోజు ముందు దానికే పోసేదాన్ని. అగ్గిపెట్టె లాంతరు పక్కన గూట్లో. అంతా ఒక పద్ధతిగానే ఉండేది.

కిందటి వేసవిలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. నేను అలవాటు ప్రకారం "దీపం కొండెక్కింది" అన్నాను. అమ్మ గాభరాగా లేవబోయింది. "ఏ దీపం? దేవుడిదా?" అన్నది. శివపార్వతి పరుగెత్తుకొచ్చి, "దేవుడి దీపం లక్షణంగా ఉందత్తయ్యా. కొండెక్కింది మీ పెద్దబ్బాయి దీపం" అన్నది. అందరం నవ్వాం. ఆ పూట అన్నాల దగ్గర శివపార్వతే ఎత్తింది.

"వదినగారూ, దేవుడి దీపానికి ఆ మాట ఉంచుదాం. దీనికి కరెంటు పోయింది అందాం. అత్తయ్యకు తికమక ఉండదు."

రామలింగం సరేనన్నాడు. అమ్మ కూడా, "రెంటికీ రెండు మాటలుంటే నాకూ సుఖమే" అన్నది. ఈ సంగతి నీకు వ్రాశాను. "అందరూ ఒప్పుకున్నా పెద్దక్కయ్య ఒప్పుకోదు, చూస్తూ ఉండండి" అని నవ్వుతూ జవాబు వ్రాశావు. నువ్వన్నదే నిజమైంది. నేను ఒప్పుకోలేదు. సందెవేళ ఇంట్లో నిలబడి పోయింది అనే మాట అనడానికి నా నాలుక తిరగలేదు. వాళ్ళిద్దరూ కరెంటు పోయిందనేవాళ్ళు. నేను మాత్రం కొండెక్కిందనేదాన్ని. అన్నప్పుడల్లా అమ్మ, "ఏ దీపమే త్రిపురా?" అని అడిగేది. "బల్బేనమ్మా" అని నేను చెప్పేదాన్ని. ఆమె అడగడం, నేను చెప్పడం. దానితో సరిపోయేది.

ఇక ఆ సాయంత్రం సంగతి. నీకు తెలిసినంత మళ్ళీ వ్రాసి, తెలియనిది కలుపుతాను.

కార్తీకమాసం, రెండో సోమవారం. అమ్మ ఉపవాసంలో ఉంది. వద్దంటే వినలేదు. మధ్యాహ్నం నుంచి గాలి లేచింది. కరెంటు పోతుందని అందరికీ తెలుసు. లాంతరు నిండా కిరసనాయిలు ఉంది. దీపాలవేళకు అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి దేవుడి దగ్గర దీపం పెట్టించాను. గాలి తగలకుండా చుట్టూ ఇత్తడి పళ్ళేలు నిలబెట్టాను. ఆమెను మళ్ళీ మంచం మీద కూర్చోబెట్టి, తులసికోట దగ్గర దీపం పెట్టడానికి పెరట్లోకి వెళ్ళాను. గాలికి అది నిలవలేదు. మళ్ళీ మళ్ళీ వెలిగించాలి గనుక గూట్లో అగ్గిపెట్టె తీసుకుపోయాను. దాన్ని తులసికోట మీదే మరిచిపోయి, వెనక వసారాలో జపానికి కూర్చున్నాను.

కరెంటు పోయింది. రామలింగం గుంటలో నేత మీద ఉన్నాడు. శివపార్వతి లాంతరు తీసి, "అగ్గిపెట్టె గూట్లో లేదండీ" అని కేక వేసింది. దేవుడి దీపంతో లాంతరు వెలిగించకూడదని ఇంట్లో నేను పెట్టిన నియమం ఒకటుంది. అందుకని రామలింగం గుంటలోంచి ఎగిరి, పొయ్యిలో నిప్పు కోసం వంటింట్లోకి వెళ్ళాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి మళ్ళీ గుంటలో దిగేవాడే. బల్ల వెయ్యలేదు. ఆ రెండు నిమిషాల్లో అమ్మ మంచం మీంచి లేచి తిన్నగా నడిచింది.

నువ్వు వచ్చిన రోజు గుంట అంచున నిలబడి, "బల్ల ఎందుకు వెయ్యలేదురా?" అని వాణ్ణి అడిగావు. వాడు తలొంచుకుని, "వెయ్యలేదన్నయ్యా. తప్పు నాదే" అన్నాడు. "కన్నతల్లి గుడ్డిదని తెలియదా?" అన్నావు. వాడు దానికీ, "తెలుసన్నయ్యా" అన్నాడు. మూడు మాటల కంటే ఎక్కువ మాట్లాడలేదు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉన్నాను. ఏడుపు ఆపుకుంటున్నానని నువ్వు అనుకున్నావు. ఏడుపు కాదు నాయనా, మాట ఆపుకున్నాను.

అమ్మ ఎందుకు లేచిందో మీరెవరూ అడగలేదు. ముసలిది, చీకట్లో తడబడి లేచిందనుకున్నారు. ఆమెకు చీకటెక్కడిది? ఏళ్ళుగా చీకట్లోనే ఉంది. కరెంటు ఉన్నా పోయినా ఆమెకు ఒక్కటే. ఆమెకు వెలుగు వచ్చేదీ పోయేదీ మా మాటల్లోనే.

ఆ మాట నేనన్నాను. వసారాలోంచి లోపలికి వినబడేలా, "దీపం కొండెక్కింది" అన్నాను. కార్తీక సోమవారం, దేవుడి దీపం అమ్మ చేత్తో పెట్టి గంట కాలేదు. ఆమె ఏ దీపం అనుకుంటుందో నేను ఆలోచించవలసింది. కరెంటు పోయిందమ్మా అని ఉంటే ఆమె మంచం దిగేది కాదు.

ఇక్కడిదాకా వ్రాయడం తేలిక. ఇది చాదస్తం. చాదస్తాన్ని మనుషులు క్షమిస్తారు. మిగిలినదానికి మూడు నెలలు పట్టింది. పొద్దున అమ్మవారి ముందు కూర్చుని, వ్రాస్తానని చెప్పుకుని వచ్చాను.

నేనా మాట అన్నాక అమ్మ ఎప్పటిలాగే అడిగింది. "ఏ దీపమే త్రిపురా?"

వినబడింది. గాలి ఉన్నా స్పష్టంగా వినబడింది. అప్పటికి నా మాలలో తొంభై ఏడు పూసలు జరిగాయి. ఇంకా పదకొండు ఉన్నాయి. జపం మధ్యలో మాట్లాడకూడదు. అప్పటికే ఒకసారి మాట్లాడాను. అది దీపం మాట, దోషం లేదని సర్దిచెప్పుకున్నాను. రెండోసారి మాట్లాడితే ఆ నూట ఎనిమిదీ మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. పదకొండే గదా, ముగించి చెబుదామనుకున్నాను.

అమ్మ మళ్ళీ అడిగింది. "దేవుడిదా?" నేను పలకలేదు. పూసలు తొందరగా జరిపాను. శివనామం అంత వేగంగా నేనెప్పుడూ పలకలేదు. "ఉండు, నేనే వెలిగిస్తా" అన్నది. మంచం కిర్రుమన్నది. అది కూడా వినబడింది. ఎన్నో పూస దగ్గరో తెలియదు, గుంటలోంచి చప్పుడు వచ్చింది.

నేను వెళ్ళేసరికి గది మరీ చీకటిగా లేదు. తూర్పు మూల ఇత్తడి పళ్ళేల మధ్య దేవుడి దీపం నిశ్చలంగా వెలుగుతోంది. ఆమె వెలిగించబోయిన దీపం కొండెక్కనే లేదు. ఆ వెలుగులోనే రామలింగం గుంటలో దిగి అమ్మను ఎత్తాడు. ఆమె నొప్పి అనలేదు. "ముందు దీపం చూడండిరా" అన్నది.

ఎముకలు కట్టే రత్తయ్య వచ్చి తుంటికి బద్దలు కట్టాడు. ఆ వయసులో తుంటి అతకదని నాతో చాటుగా చెప్పాడు. తొమ్మిది రోజులు మంచం మీద ఉంది. రోజూ సందెవేళ, "దీపం ఉందా?" అని అడిగేది. "ఉందమ్మా" అని వెంటనే చెప్పేదాన్ని. ఆమె అడగడం పూర్తికాకముందే చెప్పేదాన్ని. ఆనాడు ఎందుకు పలకలేదని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. మరిచిపోయిందనుకున్నాను. ఆ మరుపును దేవుడి దయ అనుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఇదంతా ముందు రామలింగానికి చెప్పాలి గదా. ఈ పొద్దున చెప్పాను. గుమ్మం పక్కన మట్టి తట్టల దగ్గర కూర్చుని గడ్డలు చిదుపుతున్నాడు. పక్కన కూర్చుని, నీకు వ్రాసినట్టే చెప్పాను. తొంభై ఏడు దగ్గర నుంచీ చెప్పాను. వాడు గడ్డలు చిదపడం ఆపలేదు.

"తెలుసక్కయ్యా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"పడ్డ మర్నాడే అమ్మ చెప్పింది. నువ్వు నీళ్ళకు వెళ్ళినప్పుడు."

"ఏమని చెప్పింది?"

వాడు మరో గడ్డ చిదిపాడు. తర్వాత అమ్మ మాట అమ్మ మాటగానే చెప్పాడు. "'అక్కయ్య జపంలో ఉంది, అందుకని పలకలేదు. నేనే తొందరపడ్డా. దాన్ని ఎవరూ ఏమీ అడగొద్దు. అడిగితే అది జపం మానేస్తుంది. జపం తప్ప దానికి ఇంకేముందిరా?' అంది."

"మరి అన్నయ్య అన్నేసి మాటలంటుంటే ఎందుకూరుకున్నావురా?" అన్నాను.

"బల్ల వెయ్యనిది నేనే గదక్కయ్యా. అబద్ధమేం ఆడలేదు."

మల్లేశం, నువ్వు ఇల్లు వదలమన్నది ఇలాంటి వాణ్ణి.

అమ్మ చుట్టిన నూలు కండెలు ఇంకా బుట్టలో ఉన్నాయి. పడ్డ రోజు మధ్యాహ్నం, గాలి లేచేముందు రాట్నం దగ్గర కూర్చుని చుట్టినవి. పధ్నాలుగు. కళ్ళతో చూసి చుట్టేవాళ్ళకు కూడా అంత సమంగా రావు. మూడు నెలలుగా వాటిని ఎవరూ తాకలేదు. మగ్గం మీద బట్ట ఎక్కడిదక్కడే ఉంది, గుంట మీద బల్ల వేసిందీ వేసినట్టే ఉంది. ఆ బుట్ట తెచ్చి రామలింగం ముందు పెట్టాను.

"ఈ పూట ఒక్క కండె నెయ్యరా," అన్నాను.

"అన్నయ్య పూడ్చమన్నాడు గదా."

"అన్నయ్యకు నేను వ్రాస్తున్నాను. నువ్వు దిగు."

వాడు చేతులు కడుక్కున్నాడు. బల్ల తీశాడు. గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి జార్చడానికి చాలాసేపు పట్టింది. మగ్గం చప్పుడు వినబడగానే శివపార్వతి చేతిలో గిన్నెతో వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "వదినగారూ, ఈ గిన్నె ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగింది. ఎక్కడిదక్కడే పెట్టమన్నాను.

ఇంతవరకూ మధ్యాహ్నం వ్రాశాను. ఇప్పుడు లాంతరు వెలుగులో వ్రాస్తున్నాను. అక్షరం కుదురుగా లేకపోతే ఏమీ అనుకోకు.

ఈ సాయంత్రం కూడా కరెంటు పోయింది. గాలీ లేదు, వానా లేదు. ఎందుకు పోయిందో తెలియదు. రామలింగం గుంటలో ఉన్నాడు, రెండో కండె మీద. నేను వసారాలో జపంలో ఉన్నాను. "కరెంటు పోయింది" అన్నాను. గట్టిగానే అన్నాను. నాలుక మీద రాయి పెట్టినట్టుంది గాని, అన్నాను. శివపార్వతి లాంతరు తెస్తున్నదల్లా ఆగి నావంక చూసింది. అగ్గిపెట్టెను ఇప్పుడు అది దారంతో మేకుకు కట్టింది, నేను తీసుకుపోకుండా. గుంట దగ్గర నుంచి బల్ల పడ్డ చప్పుడు వినబడింది. "బల్ల వేశా" అని రామలింగం చెప్పాడు.

ఎవరూ ఏమీ అనుకోకుండానే ముగ్గురం కాసేపు అలాగే ఉండిపోయాం. అమ్మ మంచం వైపు చెవి పెట్టుకుని ఉన్నాం. ఏ దీపమని ఎవరూ అడగలేదు. తర్వాత శివపార్వతి అగ్గిపుల్ల గీసింది.

ఇలా చెయ్యడానికి ఏమంత కష్టం లేదు తమ్ముడూ. ఒక మాట, ఒక బల్ల, ఒక లాంతరు. మనిషి ఉన్న రోజుల్లో చెయ్యవలసింది.

అందుకని కరెంటు తీయించవద్దు. దానిలో తప్పు లేదు. అది వస్తుంది, పోతుంది. ఎప్పుడూ మాట ఇవ్వలేదు. తప్పు పలకవలసిన చోట పలకని దానిది. రామలింగం బల్ల మరిచింది రెండు నిమిషాలు. నేను నోరు మూసుకున్నది ఆ పదకొండు పూసలే కాదు, నువ్వు వచ్చి వాణ్ణి నిలదీసిన రోజూ, ఆ తర్వాత ఈ మూడు నెలలూ. ఎవరైనా ఇల్లు వదలాలంటే లెక్క ప్రకారం అది నేనే. నువ్వు వదలమంటే వదులుతాను. కోపంతో అనడం లేదు.

మట్టి తట్టలు గుమ్మం పక్కనే ఉన్నాయి. నువ్వు వచ్చి నీ నోటితో చెప్పేదాకా వాటిని ముట్టుకోవద్దని రామలింగంతో చెప్పాను. శివరాత్రికి రా. గుంట ఉంటుంది. దాని మీద బల్ల ఉంటుంది. చూసి తిరిగిపోవాలనిపిస్తే నిన్ను నేను ఆపలేను. గడప లోపలికి వస్తే మాత్రం, వాడితో ఒక్క మాట మాట్లాడు. ఏ మాటైనా సరే.

ఆ పధ్నాలుగు కండెల నూలు పంచెకు చాలదు. తుండుగుడ్డ అవుతుంది. శివరాత్రి పొద్దున కృష్ణలో మునిగి, అన్నదమ్ములిద్దరూ దానితోనే తుడుచుకోండి. ఒక్క తుండు ఇద్దరికెలా అని చిన్నప్పటిలా దెబ్బలాడుకోకండి.

నా జపం సాగుతోందా అని అడుగుతావేమో. అమ్మ భయపడ్డట్టు మానలేదు. రోజూ కూర్చుంటాను. తొంభై ఏడో పూస దగ్గర వేలు ఆగిపోతుంది. మొదట్లో బలవంతంగా జరిపేదాన్ని. ఇప్పుడు జరపను. అక్కడ ఆగి, ఆమె అడిగినదానికి జవాబు చెబుతాను. పైకే చెబుతాను.

"దేవుడిది కాదమ్మా. అది వెలుగుతూనే ఉంది. నువ్వు లేవకు."

ఆ పదకొండూ అలాగే ఉన్నాయి.

ఇట్లు,
నీ రాక కోసం గుమ్మంలో లాంతరు పెట్టి ఉంచే
పెద్దక్కయ్య,
బాలత్రిపురసుందరి.